ఢీకొన్న బరువైన కేంద్రకాలు కలిసిపోకముందే ఎందుకు విడిపోతాయి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత వరకు క్లుప్తంగా చెప్తాను, తప్పైతే సరిదిద్దండి. కొత్త మూలకాలు తయారు చేయడానికి రెండు బరువైన కేంద్రకాలను ఢీకొట్టిస్తారు. అవి ఒకదాన్నొకటి పట్టుకున్నాక కూడా చాలాసార్లు పూర్తిగా కలవకుండానే విడిపోతాయని, దాన్ని క్వాసీఫిషన్ అంటారని చదివారు. అతుక్కున్నవి మళ్లీ ఎందుకు విడిపోవాలి? మామూలు విచ్ఛిత్తికీ (ఫిషన్) దీనికీ తేడా ఏమిటి, ఆ తేడా ఎలా కనిపెడతారు? బీమ్ (లక్ష్యం మీదికి దూసుకెళ్లే కేంద్రకాల ధార) శక్తి పెంచేస్తే సరిపోదా? వీటిని లెక్క కట్టే పద్ధతులేమిటి? ఇవీ మీ సందేహాలు.

ముందు సూటిగా జవాబు. కేంద్రకాలు తాకడం వేరు, కలవడం వేరు. తేలికపాటి కేంద్రకాలలో ఈ రెండూ దాదాపు ఒకటే. తాకితే చాలు, కలిసిపోయినట్టే. బరువైన వాటిలో అలా కాదు. తాకిన క్షణంలో ఆ జంటకు ఉండే పొడుగాటి ఆకారం అప్పటికే విడిపోయే వైపు వాలి ఉంటుంది. లోపలికి పోవాలంటే ఇంకా ఎక్కాలి, బయటికి పోవాలంటే జారితే చాలు. అందుకే ఎక్కువసార్లు జారిపోతాయి. జారే లోపు కొన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఇటునుంచి అటు చేరతాయి కాబట్టి, బయటికి వచ్చే రెండు ముక్కలు మొదట ఢీకొన్నవే అయి ఉండవు. చూడటానికి అచ్చం విచ్ఛిత్తిలాగే ఉంటుంది. పేరులో 'క్వాసీ', అంటే 'లాంటి', ఉన్నది అందుకే. శక్తి పెంచితే కొంత మేలు, చాలా నష్టం. దాని గురించి కింద రాస్తాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా యాక్సిలరేటర్ల దగ్గర ఈ ముక్కలను లెక్కపెట్టే పనిలోనే ఉన్నాను. సిద్ధాంతం నా వృత్తి కాదు, డిటెక్టర్లు నా వృత్తి. కాబట్టి ప్రయోగం చేసేవాడి వైపు నుంచే చెప్తాను.

కనుమ ఎక్కడుంది అన్నదే అసలు సంగతి

కేంద్రకాన్ని ఒక ద్రవ బిందువులా ఊహించుకోండి. దాన్ని గుండ్రంగా ఉంచాలని చూసేది తలతన్యత. చీల్చాలని చూసేది ప్రోటాన్ల మధ్య వికర్షణ. ఈ రెండింటి పోటీని కొండలు, లోయలు ఉన్న ఒక పటంలా గీయవచ్చు. ఒకవైపు లోయలో ఒకే గుండ్రటి కేంద్రకం ఉంటుంది. మరోవైపు పల్లంలో వేరువేరుగా పోతున్న రెండు ముక్కలు ఉంటాయి. మధ్యలో ఒక కనుమ. మామూలు విచ్ఛిత్తి అంటే లోయలో ఉన్నది కనుమ దాటి అవతలి పల్లంలోకి పోవడం. సంలీనం అంటే అవతలి నుంచి వచ్చి కనుమ దాటి లోయలోకి దిగడం.

ఇప్పుడు ఆక్సిజన్ కేంద్రకం వెళ్లి ఒక మధ్యస్థ కేంద్రకాన్ని తాకిందనుకోండి. ఆ తాకిన ఆకారం కనుమకు లోపలి వైపే ఉంటుంది. ఇక ఎవరూ తోయనక్కర్లేదు, తలతన్యతే లాగేసుకుంటుంది. మొత్తం ప్రోటాన్ల సంఖ్య పెరిగేకొద్దీ కనుమ లోపలికి, లోపలికి జరుగుతుంది. అతిభార కేంద్రకాలకు వచ్చేసరికి అది గుండ్రటి ఆకారానికి బాగా దగ్గరగా వచ్చేస్తుంది. తాకే ఆకారం మాత్రం ఎప్పటిలాగే పొడుగ్గా, నడుము సన్నంగా ఉంటుంది. అంటే తాకిన చోటే కనుమకు బయట, వాలు మీద ఉన్నారన్నమాట. అక్కడి నుంచి పైకి ఎక్కాలంటే అదనపు తోపుడు కావాలని 1980ల మొదట్లో వ్లాదిస్లావ్ స్వియాటెక్కి లెక్క కట్టాడు. ఆ లెక్కలోని అంకెలను తర్వాతి ప్రయోగాలు చాలావరకు సవరించాయి కానీ, చిత్రం మాత్రం నిలబడింది.

దీనికి ముందే దెబ్బ తిన్నవాళ్లున్నారు. 1970లలో ఫ్రాన్సులోని ఓర్సేలో క్రిప్టాన్ బీమ్‌తో బిస్మత్‌ను కొట్టారు. 36, 83 కలిపితే 119 కదా, అతిభార మూలకం రావాలి. లెక్క ప్రకారం ఢీకొన్న చోట శక్తి ప్రోటాన్ల వికర్షణ వేసే అడ్డును, అంటే కూలుంబ్ అవరోధాన్ని, దాటింది కూడా. వచ్చినవి మాత్రం రెండేసి ముక్కలే. ఎక్కువ శాతం మొదటి కేంద్రకాల బరువుకు దగ్గరగా ఉన్న ముక్కలు, పైగా గతిజ శక్తి దాదాపు మొత్తం పోగొట్టుకుని. ఇలాంటి వాటిని ఇప్పుడు మనం 'డీప్ ఇన్‌ఎలాస్టిక్' అనే వేరే పెట్టెలో పెడతాం. అది క్వాసీఫిషన్‌కు అన్నయ్య లాంటిది. బరువులు పెద్దగా మారకుండా విడిపోతే డీప్ ఇన్‌ఎలాస్టిక్, బరువులు సమానం వైపు జరుగుతూ జరుగుతూ విడిపోతే క్వాసీఫిషన్. మధ్యలో గీత ఎక్కడ గీయాలన్నది ఇప్పటికీ కాన్ఫరెన్సుల్లో కాఫీ వేళ గొడవే.

ఎంత సేపు జరుగుతుంది ఇదంతా?

సుమారు 10⁻²¹ నుంచి 10⁻²⁰ సెకన్లు. 10⁻²¹ సెకనును జెప్టోసెకను అంటారు. ఒక్క జెప్టోసెకనులో కాంతి కూడా 300 ఫెమ్టోమీటర్లే పోగలదు, అంటే యురేనియం కేంద్రకం వ్యాసానికి ఇరవై రెట్లు. మన బీమ్ కాంతి వేగంలో పదో వంతుతో వస్తుంది. కాబట్టి పదీ ఇరవై జెప్టోసెకన్లంటే కేంద్రకం లెక్కలో మరీ తక్కువ కాదు, ఒక చిన్న సంభాషణ జరిగేంత సమయం ఉంది.

ఆ సంభాషణలో పనులు ఒక వరసలో జరుగుతాయి. తాకగానే గతిజ శక్తి వేడిగా మారిపోతుంది, బ్రేకు వేసినట్టు. న్యూట్రాన్, ప్రోటాన్ నిష్పత్తి కూడా చాలా త్వరగా సర్దుకుంటుంది. బరువు పంచుకోవడమే నెమ్మది. పెద్దది చిన్నదానికి ఇస్తూ పోతుంది, జంట మెల్లగా సమానం వైపు కదులుతుంది. అది పూర్తయ్యేలోపే నడుము తెగితే అసమాన ముక్కలు వస్తాయి. అసలైన సంయుక్త కేంద్రకం, అంటే పూర్తిగా కలిసి ఒక్కటైనది, అయితే ఇంతకంటే చాలా రెట్లు ఎక్కువ కాలం ఉండగలదు, 10⁻²⁰ నుంచి 10⁻¹⁶ సెకన్ల దాకా, ఇంకా ఎక్కువ కూడా. ఆ కాలంలో అది తాను ఎక్కడి నుంచి వచ్చిందో పూర్తిగా మరిచిపోతుంది. మతిమరుపు అనే ఈ గుణమే సంయుక్త కేంద్రకానికి నిర్వచనం. క్వాసీఫిషన్‌లో కొంత జ్ఞాపకం మిగులుతుంది. ప్రయోగంలో మేం వెతికేది ఆ మిగిలిన జ్ఞాపకం కోసమే.

ఇక్కడ షెల్ ప్రభావం, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు పొరలుగా నిండటం వల్ల వచ్చే అదనపు స్థిరత్వం, ఒక వింత పని చేస్తుంది. కాల్షియం-48ని యురేనియం-238 మీద కొడితే మొత్తం 286 న్యూక్లియాన్లు (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి). బరువులు సమానం వైపు కదులుతూ ఉండగా పెద్ద ముక్క 208 దగ్గరికి రాగానే కదలిక తడబడుతుంది. ఎందుకంటే అది సీసం-208, 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, రెండూ మాజిక్ సంఖ్యలే, అంటే పొరలు పూర్తిగా నిండే సంఖ్యలు. అక్కడ శక్తి పటంలో ఒక గుంట ఉంది. చాలా జంటలు ఆ గుంటలో ఆగి అక్కడే తెగిపోతాయి. బరువుల గ్రాఫ్‌లో 208 చుట్టుపక్కల, దాని జోడీగా 78 చుట్టుపక్కల, రెండు గుట్టలు కనిపిస్తాయి. మొదటిసారి ఆ గుట్టలు చూసినప్పుడు నాకు నిజంగానే ఒళ్లు పులకరించింది. అంత అల్లకల్లోలంలో, అంత కొద్ది సమయంలో కూడా కేంద్రకం తన మాజిక్ సంఖ్యను వెతుక్కుంటుంది.

మరి తేడా ఎలా కనిపెడతారు?

మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే. రెండు ముక్కలే చేతికి వస్తాయి. అవి సంయుక్త కేంద్రకం నుంచి వచ్చాయో, వాలు మీద నుంచి జారి వచ్చాయో వాటి మీద రాసి ఉండదు.

లక్ష్యం పలచటి రేకు. దానికి ఇరువైపులా గ్యాస్ నింపిన మల్టీవైర్ డిటెక్టర్లు. బీమ్‌ను నానోసెకను వెడల్పున్న పల్సులుగా పంపుతాం. రెండు ముక్కలూ ఒకేసారి రెండు డిటెక్టర్లను తాకితే, ఎక్కడ తాకాయి, ఎప్పుడు తాకాయి అన్నదాన్ని బట్టి రెండింటి వేగాలు తెలుస్తాయి. ద్రవ్యవేగం నిలిచి ఉండాలి కాబట్టి, వేగాల నిష్పత్తిని తిరగేస్తే బరువుల నిష్పత్తి. బీమ్ దిశతో ఎంత కోణంలో వచ్చాయో కూడా తెలుస్తుంది. బరువు ఒక అక్షం మీద, కోణం మరో అక్షం మీద పెట్టి చుక్కలు గుద్దితే మాస్-యాంగిల్ గ్రాఫ్ వస్తుంది. 1980లలో జర్మనీలోని జీఎస్ఐ అనే పరిశోధన కేంద్రంలో ఈ పద్ధతికి పునాది పడింది. తర్వాత కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ బృందం, డేవిడ్ హైండ్, మహానంద దాస్‌గుప్తా వాళ్లు, దాన్ని ఒక కళలాగా పెంచారు.

కోణం ఎందుకు ముఖ్యమంటే, అది గడియారం. ఢీకొన్న జంట సరిగ్గా ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కగా తగులుతుంది కాబట్టి గిర్రున తిరుగుతుంది. ఒక సగం చుట్టుకు సుమారు 10⁻²⁰ సెకన్లు అనుకోండి. ఆ లోపే తెగితే, ఎంత తిరిగిందో అంత కోణంలో ముక్కలు వస్తాయి. ఎక్కువ తిరిగినవి ఎక్కువ బరువు పంచుకుని ఉంటాయి. కాబట్టి గ్రాఫ్‌లో చుక్కలు ఏటవాలుగా పేరుకుంటాయి. సంయుక్త కేంద్రకం అయితే ఎన్నో చుట్లు తిరిగి ఎటు నుంచి వచ్చిందో మరిచిపోతుంది. ఏటవాలు ఉండదు, సమాన బరువుల దగ్గర నిటారు పట్టీ ఒకటే ఉంటుంది.

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు నా మొదటి డేటాలో బరువుల గ్రాఫ్ ఒక్కటే గీశాను. సరిగ్గా మధ్యలో ఒక చక్కటి గుట్ట. 'సార్, ఇది నూటికి నూరు శాతం సంలీన విచ్ఛిత్తే' (అంటే పూర్తిగా కలిసిపోయాక చీలినవే) అని మా గైడ్‌కు ధీమాగా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా, 'కోణం పక్కన పెట్టి గీయి' అన్నారు. గీస్తే ఆ చక్కటి గుట్ట కాస్తా ఒక పక్కకు ఒరిగిన మబ్బులా తేలింది. అన్ని కోణాలూ కలిపి చూడటం వల్ల ఒరుగు దాక్కుంది. బరువుల గ్రాఫ్ సమానంగా ఉందని సంలీనం జరిగిందనుకోవద్దు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ మొదటి రోజే ఇది చెప్తాను. సగం మంది అయినా మళ్లీ అదే తప్పు చేస్తారు. నేనూ చేశాను కదా, ఏమీ అనను.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు కూడా జరిగింది మా దగ్గర. కొన్నేళ్ల తర్వాత ఒక ప్రయోగంలో అనుకోని చోట ఏటవాలు కనిపించింది. తేలికపాటి బీమ్, అక్కడ క్వాసీఫిషన్ అంతగా ఉండకూడదు. రెండు రోజులు గాల్లో తేలాం. మూడో రోజు కాలిబ్రేషన్ మళ్లీ చూస్తే, ఒక డిటెక్టర్ టైమింగ్ నానోసెకను దాకా జరిగి ఉంది. ముక్కలు నానోసెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున పోతాయి. ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఒక నానోసెకను తప్పితే బరువు కొన్ని యూనిట్లు పక్కకు పోతుంది, అది కూడా కోణాన్ని బట్టి రకరకాలుగా. అంతే, లేని ఏటవాలు పుట్టుకొచ్చింది. అప్పటి నుంచి ప్రతి రన్‌లోనూ ఏటవాలు ఉండనే ఉండదని ఖాయంగా తెలిసిన ఒక రియాక్షన్ ముందూ వెనకా తప్పకుండా నడుపుతాం. బీమ్ టైమ్ వృథా అని టెన్షన్ పడేవాళ్లుంటారు. పడనివ్వండి.

ఇంకో చిక్కు. యురేనియం లాంటి లక్ష్యాలతో పని చేస్తే, బీమ్ కేంద్రకం పూర్తిగా పట్టుబడకుండా రెండు మూడు న్యూక్లియాన్లు ఇచ్చి పోయినా చాలు, వేడెక్కిన లక్ష్య కేంద్రకం తనంతట తాను చీలిపోతుంది. ఆ ముక్కలు కూడా మన డిటెక్టర్లలో పడతాయి. ద్రవ్యవేగం పూర్తిగా బదిలీ అయిందా లేదా అని రెండు ముక్కల మధ్య కోణాన్ని బట్టి వేరు చేయాలి. అవరోధం కంటే తక్కువ శక్తుల దగ్గర ఇది పెద్ద తలనొప్పి. పాత డేటా చదివేటప్పుడు వాళ్లు దీన్ని తీసేశారో లేదో చూసుకోండి.

ముక్కల మొత్తం గతిజ శక్తిని చూసి తేల్చేయవచ్చు కదా అని అడుగుతారు కొందరు. కుదరదు. తెగే క్షణంలో రెండు ముక్కల మధ్య వికర్షణే ఆ శక్తిని ఇస్తుంది. నిజమైన విచ్ఛిత్తి అయినా, క్వాసీఫిషన్ అయినా తెగేటప్పటి ఆకారం దాదాపు ఒకటే, శక్తీ దాదాపు ఒకటే. న్యూట్రాన్లు కాస్త సాయం చేస్తాయి. ఎక్కువసేపు బతికిన కేంద్రకం తెగేలోపు ఎక్కువ న్యూట్రాన్లను వదులుతుంది, తొందరగా తెగింది తక్కువ వదులుతుంది. అది రెండో గడియారం. ముల్లు మాత్రం కాస్త మొద్దు.

గ్రాఫ్‌లో కనిపించని క్వాసీఫిషన్ సంగతి

ఇది తెలుసుకోకపోతే మిగతాదంతా తెలిసినా తప్పుదారి పడతారు. జంట ఒకటి రెండు చుట్లు తిరిగాక తెగిందనుకోండి. కోణం జ్ఞాపకం చెరిగిపోయింది, బరువులూ దాదాపు సమానమయ్యాయి. అయినా అది లోపలి లోయకు చేరలేదు. మాస్-యాంగిల్ గ్రాఫ్‌లో అది అచ్చం సంలీన విచ్ఛిత్తిలా ఉంటుంది. మరి పట్టుకునేదెలా?

ఒకే సంయుక్త కేంద్రకాన్ని వేరువేరు జంటలతో తయారు చేసి పోల్చాలి. కాన్‌బెరా బృందం 2001లో రేడియం-216తో ఇది చేసి చూపించింది. కార్బన్-12 సీసం-204తో, ఫ్లోరిన్-19 బంగారం-197తో, సిలికాన్-30 టంగ్‌స్టన్-186తో. మూడూ కలిస్తే రేడియం-216 ఒక్కటే రావాలి. నిజంగా కలిసిపోతే, పుట్టుక మరిచిపోయిన కేంద్రకం ఒకే శక్తి దగ్గర ఒకేలా ప్రవర్తించాలి. చీలకుండా మిగిలే కేంద్రకాల వంతు మూడింటిలోనూ పోల్చదగ్గట్టు ఉండాలి. లేదు. కార్బన్ జంటతో పోలిస్తే ఫ్లోరిన్, సిలికాన్ జంటలలో తక్కువ మిగిలాయి. అంటే ఆ రెండింటిలో కొంత భాగం కలవకుండానే పోయింది.

ఈ ఫలితం ఎందుకు కలకలం రేపిందో చెప్తాను. అప్పట్లో రెండు కేంద్రకాల ప్రోటాన్ సంఖ్యలను గుణిస్తే 1600 దాటితేనే సంలీనానికి అడ్డు అని ఒక లెక్క అందరి నోటా ఉండేది. ఫ్లోరిన్, బంగారం గుణిస్తే 9 × 79, అంటే 711 మాత్రమే! కాబట్టి 1600 అన్న గీతను శిలాశాసనంలా పట్టుకోకండి. ఆ దరిదాపుల నుంచి క్వాసీఫిషన్ పైచేయి అవుతుందన్నది నిజమే. కానీ అది అంతకు చాలా ముందే మెల్లగా మొదలవుతుంది. 2002లో అదే బృందం థోరియం-220 దగ్గర ఇంకా గట్టి తేడా చూపింది. ఆక్సిజన్-16, సీసం-204 జంటతో పోలిస్తే, సమానానికి దగ్గరగా ఉన్న భారీ జంటల్లో మిగిలే కేంద్రకాలు బాగా పడిపోయాయి.

శక్తి పెంచితే?

పెంచితే లోపలికి ఎక్కే అవకాశం కొంత పెరుగుతుంది, అది ఒప్పుకుంటాను. కానీ మీరు అడిగేది కొత్త మూలకం కోసం కదా. లోపలికి చేరిన కేంద్రకం బతకాలి కూడా. అతిభార కేంద్రకాలను ద్రవ బిందువు లెక్కతో చూస్తే విచ్ఛిత్తికి అడ్డమే లేదు. వాటిని నిలబెట్టేది షెల్ ప్రభావం ఒక్కటే. వేడి పెరిగితే ఆ షెల్ ప్రభావం కరిగిపోతుంది. పైగా వేడి చల్లారాలంటే న్యూట్రాన్లను ఒకటి తర్వాత ఒకటి వదలాలి, ప్రతి మెట్టు దగ్గరా విచ్ఛిత్తి కాచుకుని ఉంటుంది. శక్తితో పాటు తిరుగుడు కూడా పెరుగుతుంది, అది చీలికకు ఇంకాస్త సాయం. కాబట్టి మూడు మెట్లనూ గుణించుకోవాలి. పట్టుబడటం ఒకటి, లోపలికి చేరడం రెండు, చల్లారేదాకా బతకడం మూడు. మొదటిదాన్ని పెంచేది మూడోదాన్ని చంపుతుంది.

అంకెల్లో చూడండి. కాల్షియం-48, యురేనియం-238 పట్టుబడే అడ్డుకోత (అది జరిగే అవకాశానికి కొలత, బార్న్ దాని యూనిట్) పదుల మిల్లీబార్న్‌లు. చివరికి 112వ మూలకం కోపర్నీషియంగా మిగిలేది మహా అయితే కొన్ని పికోబార్న్‌లు. అంటే పట్టుబడిన జంటలు వెయ్యి కోట్లయితే మిగిలేది ఒకటి, ఆ ఒకటి కూడా అదృష్టం బాగుంటే. జపాన్‌లోని రికెన్‌లో కోసుకే మోరితా బృందం జింక్-70ని బిస్మత్-209 మీద కొట్టి 113వ మూలకం నిహోనియంను చూసింది. అడ్డుకోత 22 ఫెమ్టోబార్న్‌లు. 2004లో ఒకటి, 2005లో ఒకటి, తర్వాత ఏడేళ్లకు 2012లో ఒకటి. మొత్తం పట్టుమని మూడు పరమాణువులు. మధ్యలో ఆ ఏడేళ్లు కూర్చున్నవాళ్ల ఓపికకు దండం పెట్టాలి, నాకైతే చేతకాదు.

శక్తి కంటే ముఖ్యమైనవి రెండున్నాయి. ఒకటి, ఏ జంటను ఎంచుకున్నామన్నది. జంటలో తేడా ఎక్కువ ఉంటే, చిన్నది బాగా చిన్నదైతే, తాకిన ఆకారం గుండ్రానికి దగ్గర. అందుకే రష్యాలోని దుబ్నాలో యూరి ఒగనెస్యాన్ బృందం కాల్షియం-48ని నమ్ముకుంది. 20 ప్రోటాన్లు, 28 న్యూట్రాన్లు, రెండూ మాజిక్, న్యూట్రాన్లూ పుష్కలం. ప్రకృతిలో దొరికే కాల్షియంలో ఇది 0.2 శాతం కూడా ఉండదు, వేరు చేసి తేవాలి. అయినా గిట్టుబాటే, 114 నుంచి 118 వరకు మూలకాలు దాంతోనే వచ్చాయి. 118 దగ్గర ఆగింది ఎందుకంటే, దానికి లక్ష్యం కాలిఫోర్నియం, 98వ మూలకం. అంతకంటే పైవాటిని లక్ష్యం చేసేంత పోగు చేయడం కుదరదు. ఇక బీమ్‌నే బరువెక్కించాలి, అప్పుడు క్వాసీఫిషన్ కూడా పెరుగుతుంది. 2024లో అమెరికాలోని బర్క్‌లీలో టైటానియం-50ని ప్లుటోనియం-244 మీద కొట్టి 116వ మూలకం లివర్మోరియం రెండు పరమాణువులు చూశారు, 22 రోజుల బీమ్‌తో. అడ్డుకోత 0.44 పికోబార్న్, కాల్షియం దారిలో వచ్చినదానికంటే కొన్ని రెట్లు తక్కువ. 120 కోసం ఇనుము, క్రోమియం, నికెల్ బీమ్‌లతో ఇంతకుముందు చేసిన ప్రయత్నాల్లో ఏమీ దొరకలేదు.

రెండోది, లక్ష్యం ఎటు తిరిగి ఉందన్నది. యురేనియం లాంటి కేంద్రకాలు బంతిలా ఉండవు, కోడిగుడ్డులా కాస్త పొడుగ్గా ఉంటాయి. కొన దగ్గర తగిలితే జంట ఇంకా పొడుగవుతుంది, జారిపోతుంది. నడుము దగ్గర తగిలితే కుదురుగా ఉంటుంది, కలిసే అవకాశం ఎక్కువ. చిక్కేమిటంటే కొన దగ్గర అవరోధం తక్కువ. శక్తి తగ్గించి చల్లగా కొడదామనుకుంటే కొనలకే తగులుతుంది. ఆక్సిజన్-16, యురేనియం-238 జంటతో 1995లోనే ముక్కల కోణాల తీరులో ఈ తేడా కనబడింది. కాబట్టి గుడ్డు లాంటి లక్ష్యాలతో శక్తిని నడుము అవరోధం దాకా తేవాలి, అంతకు మించి పోనివ్వకూడదు. మీరు అడిగిన 'శక్తి పెంచడం'లో పనికొచ్చే భాగం సరిగ్గా ఈ కొద్దిపాటి మేరే.

మీరు చివర్లో లెక్క కట్టే పద్ధతుల గురించి కూడా అడిగారు. టైమ్ డిపెండెంట్ హార్ట్రీ-ఫాక్ లెక్కలు ప్రతి న్యూక్లియాన్ తరంగాన్ని కాలంతో పాటు నడుపుతాయి. ఎంతసేపు అతుక్కుని ఉన్నాయి, ఎంత బరువు మారింది అన్నది బాగా చెప్తాయి, సీసం గుంట కూడా దానంతటదే కనిపిస్తుంది. సగటు దారి చెప్తాయి కానీ, అరుదుగా జరిగే సంలీనం చెప్పలేవు. దుబ్నాలో పెరిగిన డైన్యూక్లియర్ సిస్టమ్ నమూనా (అతుక్కున్న జంటను రెండు కేంద్రకాలుగానే ఉంచి చూసేది), యాదృచ్ఛిక కుదుపులను కలుపుకునే లాంజెవిన్ సమీకరణాలతో చేసే లెక్కలు ఆ అరుదైన భాగాన్ని అంచనా వేస్తాయి. కానీ ఒకే రియాక్షన్‌కు రెండు నమూనాలు ఇచ్చే సంలీన సంభావ్యత వంద రెట్లు తేడా ఉన్నా నాకు ఆశ్చర్యం ఉండదు. ఎందుకంటే చివరి అడ్డుకోత ఒక్కటే కొలతకు అందుతుంది. మధ్య మెట్టును తక్కువ వేసి చివరి మెట్టును ఎక్కువ వేసినా లబ్ధం సరిపోతుంది. ఎవరైనా నమూనా ప్రయోగంతో 'అద్భుతంగా సరిపోయింది' అంటే, మూడు మెట్లనూ విడివిడిగా చూపించమని అడగండి.

ఒక మాట. క్వాసీఫిషన్ అంటే ఎప్పుడూ శత్రువే అనుకోకండి. అతుక్కున్నంతసేపూ న్యూక్లియాన్లు అటూ ఇటూ మారతాయని చెప్పాను కదా. అంటే మామూలు దారుల్లో అందని, న్యూట్రాన్లు ఎక్కువున్న బరువైన కేంద్రకాలు ఆ ముక్కల్లోనే దొరుకుతాయి. 126 న్యూట్రాన్ల దరిదాపుల్లో ఉండే కేంద్రకాలు నక్షత్రాల్లో బంగారం, ప్లాటినం పుట్టే లెక్కలకు కావాలి. జినాన్-136ని ప్లాటినం-198 మీద కొట్టి వాటిని రాబట్టే పని ఇప్పటికే సాగుతోంది. మా ల్యాబ్‌లో ఇప్పుడు కూర్చున్న కుర్రాళ్లలో ఇద్దరు సంలీనం వైపు చూడటమే మానేసి ఈ జారిపోయిన ముక్కల వెంటే పడ్డారు.